ఏడు వరుసలు

పెద్దాయన ఏడు వరుసలూ చదివేశాడు. ఎక్కడా తడబడలేదు, తడుముకోలేదు. గోడకు వేలాడుతున్న అట్ట మీద అన్నిటికన్నా పైనున్న అరచేతంత అక్షరంతో మొదలుపెట్టి, చీమ తలకాయంత అక్షరాలున్న ఆఖరి వరుస దాకా గడగడా అప్పజెప్పేసి, ఇంకేమైనా ఉందా అన్నట్టు గడ్డం పైకెత్తి కూర్చున్నాడు.

కళ్ళు పరీక్ష చేసే అమ్మాయికి ఆ పూట ఆయన అరవై రెండో మనిషి. ముందొచ్చిన అరవై ఒక్క మందిలో మూడో వరుస దాటినవాళ్ళు లేరు. అందుకని ఆ అమ్మాయి చేతిలో కాగితం వంక ఒకసారి, ఆయన కళ్ళ వంక ఒకసారి చూసి, రెండో కన్ను మూయించి మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాడు. అప్పటికీ అనుమానం తీరక కింది నుంచి పైకి చదవమంది. ఇలాంటి అనుమానాలు తన సర్వీసులో ఎన్ని చూడలేదు అన్నట్టు ఆయన చిన్నగా నవ్వి, కింది నుంచి పైకి కూడా అదే జోరుతో లాగించేశాడు. అమ్మాయి ఇక చేసేదేమీ లేక కాగితం మీద ఏదో రాసి, దాని మీద అడ్డంగా గీత గీసింది.

"పొర ఉంది గానీ చూపు బాగానే ఉంది తాతగారూ. ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదు. ఏడాది పోయాక రండి."

వెనక బల్ల మీద కూర్చున్న ఆయన భార్యకు గుండె జారిపోయింది. ఆయన మొదటి వరుస చదివినప్పుడు ఆమె సంతోషించింది. రెండో వరుసకు ఆశ్చర్యపోయింది, ఎందుకంటే ఆ పొద్దున ఎడమ చెప్పు కుడి కాలికి తొడుక్కుని బయల్దేరిన మనిషి ఆయన. మూడో వరుసలో నాలుగో అక్షరం దగ్గర ఆయన గొంతు కొంచెం సాగింది. కుడికాలు నేల మీద రెండుసార్లు తట్టింది. దాంతో ఆమెకు సంగతంతా తెలిసిపోయింది. ఆయన చదవడం లేదు, పాడుతున్నాడు.

ఆ అట్ట వాళ్ళిద్దరూ పనిచేసే ప్రెస్సులో అచ్చయిందే. ఆస్పత్రి పెట్టిన కొత్తలో పాత డాక్టరుగారు స్వయంగా వచ్చి, అక్షరాల వరుస చెప్పి, దగ్గర కూర్చుని వేయించుకున్నారు. అక్షరాలు కూర్చింది పెద్దాయనే కాబట్టి ఆ వారమంతా ఆయన నోట్లో ఆ ఏడు వరుసలే. ఇంటికొచ్చాక కూడా అవే. అప్పుడు పసిపిల్లగా ఉన్న కూతుర్ని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, పాటలేవీ రానివాడు కాబట్టి, ఆ అక్షరాలనే జోలపాట కట్టి ఊపేవాడు. మూడో వరుస నాలుగో అక్షరం దగ్గర రాగం తీస్తే పిల్ల కాళ్ళు తపతపా కొట్టుకుని నవ్వేది. ఆ పిల్లకు ముప్ఫై రెండు నిండాయి, బస్సు కండక్టరుగా పనిచేస్తోంది. అట్ట మాత్రం అదే. పాతబడిందాన్ని తీసేసి, బీరువాలో ఉన్న అయిదు వందల కాపీల్లోంచి ఇంకోటి తగిలిస్తూ వచ్చారు.

ఆమె అక్కడికక్కడే లేచి, అమ్మా, ఆయనకు ఇది కంఠతా వచ్చు, కనపడి కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేకపోయింది. గది నిండా జనం. ఆయన ముఖం చూస్తే పరీక్షలో మొదటి మార్కు వచ్చిన పిల్లాడి ముఖంలా వెలిగిపోతోంది. అలాంటి ముఖాన్ని చూసి ఎన్నాళ్ళైందో ఆమెకు గుర్తు కూడా లేదు.

బయటికొచ్చాక మెట్ల మీద చెయ్యి పట్టుకుని దింపుతూ, నిజంగానే కనపడ్డాయా అని అడిగింది.

"కనపడక? పైన పెద్దక్షరానికి ముక్కు కాస్త విరిగింది చూడు, అది కూడా కనపడింది," అన్నాడాయన. అబద్ధమాడే మనిషి కాదు. చెక్క అక్షరానికి ముక్కు విరిగిన సంగతి దాన్ని ఫారంలో, అంటే అచ్చు చట్రంలో, బిగించిన రోజు నుంచీ ఆయనకు తెలుసు. తెలిసినదాన్నే కళ్ళు చూశాయనుకున్నాడు.

ఊళ్ళో మిగతా ప్రెస్సులన్నీ ఎప్పుడో కంప్యూటర్లలోకి మారిపోయాయి. సీసపు అక్షరాలు చేత్తో కూర్చి, కాలితో తొక్కే మిషను మీద అచ్చేసే ప్రెస్సు ఇదొక్కటే మిగిలింది. పాత యజమాని కొడుకు ఇప్పటి యజమాని. రసీదు పుస్తకాలు, ప్రశంసాపత్రాలు, పాత పద్ధతి మీద ముచ్చటపడేవాళ్ళ శుభలేఖలు, వీటితో నెట్టుకొస్తున్నాడు. పెద్దాయన కంపోజిటరు, అంటే అక్షరాలు కూరుస్తాడు. అచ్చు పూర్తయ్యాక ఆ అక్షరాలను మళ్ళీ విడదీసి, చెక్క కేసులో ఏ గడి అక్షరాన్ని ఆ గడిలో వేయడం ఆయన భార్య పని. అందుకే అందరికీ ఆమె గళ్ళావిడ. బడి ముఖం చూడలేదు. అక్షరాలన్నీ ఈ సీసపు ముక్కల మీదే నేర్చుకుంది. ఆ ముక్కల మీద అక్షరం నీళ్ళల్లో నీడలా తలకిందులుగా కనిపిస్తుంది. ఆమెకు అలాంటి అక్షరమే అక్షరం, కాగితం మీద ఎక్కితే ఎవరో అపరిచితుడిని చూసినట్టుంటుంది. అందుకని నాకు చదువు రాదనే చెప్పుకునేది.

మధ్యాహ్నం ప్రెస్సుకు ఫోటో అమ్మాయి వచ్చింది. ఆస్పత్రి తరఫున పేజీలు రాసేది ఆ అమ్మాయే. ఆపరేషన్ ఖర్చు పెట్టుకోలేనివాళ్ళ ఫోటో తీసి, వాళ్ళ కథ నాలుగు ముక్కల్లో రాసి ఇంటర్నెట్లో పెడుతుంది. ఎక్కడెక్కడివాళ్ళో అది చదివి, తోచినంత పంపిస్తారు. పేజీ నిండితే ఆపరేషన్ చేస్తారు. బస్సు డిపోలో కళ్ళ శిబిరం పెట్టినప్పుడు టార్చి వేసి చూసి, వేళ్ళు చూపించి ఎన్నో చెప్పమంటే పెద్దాయన మూడుసార్లూ తప్పు చెప్పాడు. అలా ఆయన పేరు ఎక్కింది. ఎక్కించింది కూతురు.

నెల కిందట ఫోటో తీయడానికి వచ్చినప్పుడు పెద్ద తగాదానే జరిగింది. ఆ అమ్మాయి ఆయన్ని గుమ్మం పక్కన కూర్చోబెట్టి కాస్త దిగులుగా చూడమంది. దిగులు దేనికి, నేనేమైనా దొంగతనం చేసి దొరికానా అన్నాడాయన. ఉతికిన చొక్కా తొడుక్కుని, జేబుకు కలం పెట్టుకుని, కేసు ముందు నిలబడి, ఎడమ చేతిలో అక్షరాలు పేర్చుకునే కంపోజింగ్ స్టిక్కు పట్టుకుంటే గానీ ఫోటో తీయనివ్వలేదు. ఇలాంటి ఫోటోకి ఎవరిస్తారు తాతయ్యా అని ఆ అమ్మాయి మొత్తుకుంది. తీరా ఆ పేజీ రెండు రోజుల్లోనే నిండింది. ఇచ్చినవాళ్ళలో సగంమంది ప్రెస్సులవాళ్ళే, లేకపోతే వాళ్ళ బిడ్డలు.

వాళ్ళు రాసిన మాటలను ఆ అమ్మాయి ఇంటి భాషలోకి మార్చి చదివి వినిపించేది. అవంటే పెద్దాయనకు ప్రాణం. ఒకావిడ, మా నాన్న చేతివేళ్ళు ఎంత తోమినా నల్లగానే ఉండేవి, ఆ వేళ్ళతోనే మాకు అన్నం తినిపించేవాడు అని రాసింది. ఇంకొకాయన, నాకు ఎనభై ఏళ్ళు, నిద్రలో ఇప్పటికీ కుడిచెయ్యి గళ్ళ మీదకు వెళ్తుందట, మా ఆవిడ నవ్వుతుంది అని రాశాడు. మరొకాయన, నా స్టిక్కు కిటికీలో పెట్టుకున్నాను, పొద్దున్నే ఎండ పడితే మెరుస్తుంది అన్నాడు. పెద్దాయన ప్రతిదానికీ అవునవును అని తలాడించేవాడు. పేర్లు తెలియవు, దేశాలు తెలియవు, కానీ ఒకే గదిలో పక్క పక్క కేసుల దగ్గర నిలబడి పనిచేసినవాళ్ళలా మాట్లాడుకునేవాడు వాళ్ళ గురించి.

ఈసారి ఆ అమ్మాయి చెప్పడానికి ఇబ్బంది పడుతూనే చెప్పింది. చూపు బాగుందని తేలింది కాబట్టి ఆ డబ్బు వరుసలో తర్వాత ఉన్నవాళ్ళకు వెళ్తుంది. శనివారం మధ్యాహ్నానికి జాబితా ఖాయం చేస్తారు. సోమవారం నుంచి ఆపరేషన్లు. బయటినుంచి వచ్చే డాక్టర్లు వారమే ఉంటారు, మళ్ళీ ఏడాదికి గానీ రారు. పేజీ మూసేస్తూ నాలుగు ముక్కలు రాయాలి, ఏం రాయమంటారు అంది.

"కంపోజిటరు కళ్ళు అంత తొందరగా పోవని రాయమ్మా. వాళ్ళు సంతోషిస్తారు," అన్నాడు పెద్దాయన.

గళ్ళావిడ ఆ మాట విని చేతిలో అక్షరాన్ని ఏ గడిలో వేసిందో చూసుకోలేదు. తర్వాత వెతికి తీసి సరైన గడిలో వేసింది. ఆ రోజు బుధవారం.

ఆయన చూపు ఎంతవరకు పోయిందో ఆమె ఒక్కదానికే తెలుసు. పెద్దాయన చేతిరాత కాగితాలు చదవడం మానేసి ఏడాదిన్నర దాటింది. నువ్వు చదువు, నేను వింటూ కూరుస్తాను, పని తొందరగా తెములుతుంది అని యజమానిని ఒప్పించాడు. అది నిజమేనని యజమాని నమ్మాడు. వేళ్ళు గళ్ళ దారి మరిచిపోలేదు గానీ వయసు మీదపడ్డ వేళ్ళు. ఒకోసారి పక్క గడిలో దిగుతాయి, ఒకోసారి ఒకటి బదులు రెండు తీస్తాయి. ఇదివరకు కళ్ళు ఆ తప్పును పట్టుకునేవి. ఇప్పుడు పట్టుకునేది గళ్ళావిడ. నాలుగింటికి ఆయన టీ తాగడానికి వీధి చివరికి వెళ్ళగానే, సన్నని పట్టకారు తీసుకుని, ఆయన కూర్చినదాని మీద వంగి, తప్పు అక్షరాన్ని పీకి మంచి అక్షరాన్ని దించేది. ఆయన వచ్చేసరికి తన స్టూలు మీద తను ఉండేది. ఆ తర్వాత సరిచూడ్డానికి తీసిన ప్రూఫులో తప్పుల్లేవని యజమాని మెచ్చుకుంటే, చూశావా, వేళ్ళకు కూడా కళ్ళుంటాయి అని పెద్దాయన ఆమెతో అనేవాడు. ఉంటాయండీ అనేది.

అందులో ఆమెకు ఓ చిన్న సుఖం కూడా ఉండేదని ఒప్పుకోవాలి. ఇన్నేళ్ళూ ఆయన కూర్చినదాన్ని విప్పడమే ఆమె పని. ఇప్పుడు ఆ కూర్పులో తన చెయ్యి కూడా పడుతోంది. కానీ ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే ఆయనకు గుమ్మం కూడా కనపడదు. ఇవాళ మిషను పక్కనుంచి నడుస్తూ అంచు తడుముకుంటున్నాడు, రేపు తిరుగుతున్న చక్రాన్ని తడుముకుంటాడు. తన కళ్ళు మాత్రం ఎల్లకాలం ఉంటాయా? ఆ రాత్రి ఆమె ఈ లెక్కలన్నీ వేసుకుని, తెల్లారేసరికి ఒక నిర్ణయానికి వచ్చింది.

గురువారం ఒక స్కూలు వాళ్ళ ప్రశంసాపత్రం వచ్చింది. పద్నాలుగు వరుసలు. యజమాని స్టూలు మీద కూర్చుని ఒక్కో మాట చదువుతుంటే పెద్దాయన కూరుస్తున్నాడు. చూడ్డానికి అదొక ముచ్చట. ఎడమ చేతిలో స్టిక్కు, బొటనవేలు ఎప్పుడూ ఆఖరి అక్షరం మీద. కుడిచెయ్యి గడిలోకి వెళ్ళి, అక్షరం మెడ మీద ఉండే చిన్న గాడిని గోటితో గుర్తుపట్టి, దారిలోనే తిప్పుకుని వచ్చి టక్కున కూర్చోబెడుతుంది. మాట పూర్తికాగానే ఒక ఖాళీ ముక్క. వరుస నిండగానే రెండు చివర్లా వేళ్ళతో నొక్కి చూసుకోవడం. గళ్ళావిడ ఆ టక్కుటక్కులను వింటూ కూర్చుంది. పెళ్ళైన కొత్తలో ఈ చప్పుడు విని, ఈ మనిషికి ఎక్కడా తొందర లేదు, ఎక్కడా ఆలస్యం లేదు అనుకునేది. ఇప్పుడూ అలాగే ఉంది. చప్పుడులో తేడా లేదు, తేడా అక్షరాల్లోనే ఉంది.

నాలుగింటికి ఆయన చేతులు తుడుచుకుని టీకి వెళ్ళాడు. పట్టకారు ఆమె ముందే ఉంది. కూర్చిన ఫారం బల్ల మీద ఉంది. రెండో వరుసలోనే తప్పు కనిపించింది, అయిదో వరుసలో రెండు. చేతులు ఊరుకోలేదు, వాటంతటవే పట్టకారు వైపు వెళ్ళాయి. ఆమె వాటిని వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుని, ఒకదాంతో ఒకటి గట్టిగా పట్టుకుంది. తనే దొంగతనం చేస్తున్నట్టు భయమేసింది. ఆయన తిరిగొచ్చేదాకా అలాగే కూర్చుంది.

యజమాని ప్రూఫు తీశాడు. కళ్ళజోడు సర్దుకుని చదివాడు. మొదట నవ్వాడు, తర్వాత నవ్వు ఆపేశాడు. పద్నాలుగు వరుసల్లో పదకొండు తప్పులు. పిల్లల చేతికిచ్చే కాగితం.

"ఇదేంటి బాబాయ్?" అన్నాడు.

పెద్దాయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కంపోజిటరు ఎవరైనా అనే మాటే అన్నాడు. గళ్ళు కలిసిపోయి ఉంటాయి, అక్షరాలు వేసేటప్పుడు ఆవిడ ధ్యాస ఎక్కడో పెట్టి ఉంటుంది, అని. ఇదివరకు కూడా అప్పుడప్పుడు ఇలా అనేవాడు. ఆమె సరే నాదే తప్పు అని ఊరుకునేది. ఈసారి ఊరుకోలేదు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, గట్టిగా కాకపోయినా స్పష్టంగా, గళ్ళు సరిగ్గానే ఉన్నాయి, చూసుకోమనండి అంది.

యజమాని చూశాడు. పై వరుస నుంచి ఒక్కో గడిలో చెయ్యి పెట్టి, పిడికెడు తీసి, అద్దం కింద పెట్టి చూసి, మళ్ళీ వేశాడు. నలభై గళ్ళు చూశాడు. ఒక్కటి కూడా పరాయి అక్షరం లేదు. "పిన్ని గళ్ళు ఎప్పుడు తప్పాయి బాబాయ్," అని మెల్లగా అని, ఏదో పనున్నట్టు బయటికి వెళ్ళిపోయాడు. మంచివాడు, ఎక్కడ ఉండకూడదో తెలిసినవాడు.

పెద్దాయన బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"మరి నిన్నటిదాకా ప్రూఫులు బాగానే వచ్చాయి కదే?"

"మీరు టీకి వెళ్ళినప్పుడు నేను సరిచేసేదాన్ని."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పోయినేడు వానలకు ముందు నుంచి."

"మరి ఇవాళ?"

"ఇవాళ చేయలేదండీ." ఇక ఆగితే మళ్ళీ చెప్పలేనని ఆమె ఆగకుండా చెప్పేసింది. "మీరు ఆస్పత్రిలో చదవలేదు. పాడారు. మూడో వరుసలో పిల్ల నవ్వే చోట రాగం తీశారు. కాలు కూడా తట్టారు. ఆ అట్ట మనదే."

ఆయన ప్రూఫు కాగితం తీసుకుని కిటికీ దగ్గరకు వెళ్ళాడు. ముక్కుకు ఆనించి చూశాడు, దూరంగా పట్టుకుని చూశాడు, పక్కకు తిప్పి చూశాడు. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు ఆమె చెయ్యి అందిస్తే పట్టుకోలేదు. గోడవారగా తడుముకుంటూ నడిచాడు. ఆమె రెండడుగులు వెనక నడిచింది. నలభై ఏళ్ళ సంసారంలో ఆయన కోపం ఆమెకు కొత్త కాదు గానీ, ఇది కోపమో అవమానమో తెలియలేదు. కోపమే అయితే బాగుండును అనుకుంది. ఆయన కోపానికి మందు ఆమె దగ్గరుంది.

శుక్రవారం పొద్దున్నే ఆయన గడ్డం గీసుకుని, చొక్కా తొడుక్కుని, గుమ్మంలో నిలబడి, "చెప్పులు సరిగ్గా వేసుకున్నానా?" అని అడిగాడు. ఎన్నడూ అడగని మాట. ఆమె వంగి చూసి సరిగ్గానే ఉన్నాయంది. అయితే ఆస్పత్రికి పద అన్నాడు.

అక్కడ ఇంకో చిక్కు వచ్చిపడింది. సంగతి విన్న పరీక్ష అమ్మాయి నవ్వాలో కోప్పడాలో తెలియక, చదువురానివాళ్ళకు చూపించే అట్ట ఒకటి తెచ్చింది. దాని మీద అక్షరాలుండవు, మూడు పళ్ళ దువ్వెన లాంటి గుర్తు అటూ ఇటూ తిరిగి ఉంటుంది. పళ్ళు ఎటువైపున్నాయో చేత్తో చూపిస్తే చాలు. అది దేనికో తెలియగానే పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. కళ్ళు పోతే పోనీ, నలభై ఏళ్ళు కంపోజిటరుగా చేసినవాణ్ణి వేలిముద్రవాళ్ళ వరుసలో కూర్చోను అన్నాడు. ఫోటో అమ్మాయి బతిమాలింది. పరీక్ష అమ్మాయి విసుక్కుంది. అక్షరాల అట్ట ఆస్పత్రి అంతటికీ ఆ ఒక్క రకమే ఉంది మరి. జాబితా రేపు మధ్యాహ్నంతో సరి. ఇంత దూరం వచ్చి, ఒక దువ్వెన గుర్తు దగ్గర బండి ఆగిపోయేలా ఉంది.

గళ్ళావిడకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. కళ్ళు కావాలా పరువు కావాలా అని నిలదీద్దామనుకుంది. ఆయన్ని చూస్తే అడగబుద్ధి కాలేదు. ఆ పరువే లేకపోతే ఆయన ఎవరు?

"మేమే ఇంకో అట్ట అచ్చేసి తెస్తామమ్మా," అంది.

అందరూ ఆమె వైపు తిరిగారు. పెద్ద నర్సును పిలిచారు. ఆవిడ విని, అక్షరాల కొలతలు పాత అట్టలో ఉన్నట్టే ఉండాలి, ఏ అక్షరం ఎక్కడుందో ఈయనకు తెలియకూడదు, అలాగైతే రేపు పది గంటలకు తీసుకురండి అంది. కొలతలు నాకు తెలుసు, మరి అక్షరాలు ఎవరు కూరుస్తారు అన్నాడు పెద్దాయన. అని, సమాధానం తనకే తెలిసినవాడిలా భార్య ఉన్న వైపు ముఖం తిప్పాడు.

ఆ మధ్యాహ్నం ఆమె మొదటిసారి అందరి ఎదుటా స్టిక్కు పట్టుకుంది. ఆయన కేసుకు వీపు పెట్టి స్టూలు మీద కూర్చుని కొలతలు చెప్పాడు. మొదటి వరుసకు ఒక్క చెక్క అక్షరం, రెండో వరుసకు రెండు, మూడో వరుసకు నాలుగు, అలా దిగుతూ ఏడో వరుసకు పది పాయింట్ల సీసం. బొటనవేలు ఎక్కడ పెట్టాలో చెప్పాడు, వరుస వదులైతే ఎక్కడ ముక్క వేయాలో చెప్పాడు. చప్పుడు వింటూ, తొందరపడకు, అక్షరం వాలిపోతుంది అన్నాడు. ఆమెకు అవన్నీ వచ్చు, అయినా సరేనంది. ఈయన నేర్పడం, తను నేర్చుకోవడం, ఆ గదిలో పిల్లను గంపలో పడుకోబెట్టి పనిచేసిన రోజుల్లోలా ఉంది. ఆ రోజులు ఎటు పోయాయో అనిపించి కాసేపు ఆమె చెయ్యి ఆగింది.

ఏ అక్షరాలు పెట్టాలన్నదే అసలు సమస్య. ఆలోచించి పెడితే ఈ మనిషి పట్టేస్తాడు. ఆమె ఆలోచన ఎటు పోతుందో ఆయనకు తెలియంది కాదు. కూతురు పేరులోవి పెడుతుందనో, గళ్ళ వరుసలో తీస్తుందనో ఊహించేస్తాడు. అందుకని ఆమె ఒక్కో సైజులో అక్షరాలు గుప్పెడు తీసి పళ్ళెంలో పోసి, కలిపి, కళ్ళు గట్టిగా మూసుకుని ఒక్కొక్కటే ఏరింది. ఫారం బిగించాక ఆయన అలవాటుకొద్దీ అక్షరాల మీద అరచెయ్యి వేయబోయాడు. ఆమె చెయ్యి మీద చటుక్కున ఒక్కటిచ్చింది. యజమాని పకపకా నవ్వాడు. పెద్దాయన కూడా నవ్వాడు. నిన్నటి నుంచి అదే మొదటి నవ్వు.

తర్వాత ఆయన మిషను తొక్కాడు, ఆమె కాగితాలు అందించింది. రోలరు సిరా పూసుకుని దిగడం, పలక వచ్చి కరుచుకోవడం, తడి అచ్చుతో కాగితం బయటపడటం. పది కాపీలు చాలన్నా ఇరవై తీశారు, ఆపాలనిపించలేదు. అప్పుడే ఫోటో అమ్మాయి చూడ్డానికి వచ్చింది. పెద్దాయన కాలు ఆపకుండానే, నీ పేజీలో ఒక తప్పుందమ్మా, దిద్దాలి అన్నాడు. ఏంటని అడిగింది ఆ అమ్మాయి. ఒక్కడి పని అన్నట్టు రాశావు, ఇద్దరిది అని మార్చు, డబ్బు పంపిన ఆ పెద్దవాళ్ళంతా పనివాళ్ళు, వాళ్ళకు తప్పు ప్రూఫు వెళ్ళకూడదు అన్నాడు. గళ్ళావిడ ముఖం పక్కకు తిప్పుకుని కాగితాల అంచులు సరిచేసింది. అప్పటికే సరిగ్గా ఉన్నవాటిని మళ్ళీ మళ్ళీ సరిచేసింది.

శనివారం పది గంటలకు కొత్త అట్టను గోడకు తగిలించారు. సిరా వాసన ఇంకా పోలేదు. పెద్ద నర్సు కూడా వచ్చి నిలబడింది. పెద్దాయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. గళ్ళావిడ వెనక బల్ల మీద కూర్చుని, తన ఊపిరి కూడా ఆయనకు ఏమైనా చెప్పేస్తుందేమోనని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పరీక్ష అమ్మాయి కర్రతో పై అక్షరం చూపించింది. ఆయన కళ్ళు చిట్లించాడు. మెడ ముందుకు చాచాడు. ఏదో గుండ్రంగా ఉందన్నాడు. మన అక్షరాల్లో గుండ్రంగా లేనిదేది తాతగారూ అంది అమ్మాయి. రెండో వరుస చూపించింది. మూడో వరుస చూపించింది. ఆయన కుడికాలు నేల మీద కదలకుండా ఉంది. ఇన్నేళ్ళలో ఆయన ముందు ఒక అచ్చు కాగితం ఉండి, అది ఆయనతో ఏమీ మాట్లాడకపోవడం ఇదే మొదలు. ఇదే జరగాలని కోరుకుని వచ్చిన గళ్ళావిడకు అది చూస్తుంటే, ఒక్కటైనా చెప్పగలిగితే బాగుండునని, చెప్పకుండా ఉంటేనే బాగుండునని, రెండూ ఒకేసారి అనిపించాయి.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఏమే, ఏముందక్కడ?"

ఆమె పరీక్ష అమ్మాయి వంక చూసింది.

"నాకు కనపడటం లేదు," అన్నాడాయన, గది మొత్తానికి వినపడేలా. "నువ్వు చదువు."

ఆమె లేచి నిలబడింది. జనంలో నిలబడి చదవడం ఆమె ఎరగదు. తను కళ్ళు మూసుకుని ఏరిన అక్షరాలు గోడ మీద తలలు పైకెత్తి, ఎప్పుడూ చూడనివాళ్ళలా నిలబడి ఉన్నాయి. ఒక్కోదాన్ని మనసులో తిరగేసుకుని, ఏ గడిదో గుర్తుపట్టుకుని, చెప్పడం మొదలుపెట్టింది. "మ." కాస్త ఆగి, "ట, గ," అంది. మూడో వరుసకు గొంతు కుదుటపడింది. నాలుగో వరుసలో ఒక దగ్గర తడబడి, కాదు కాదు, 'ప' కాదు, 'ష' అని దిద్దుకుంది. ఆయన ప్రెస్సులో యజమాని చదివేటప్పుడు వింటాడే, అలాగే తల వంచి వింటున్నాడు. మోకాలి మీద కుడిచేతి వేళ్ళు ఒక్కో అక్షరానికీ ఒక్కో వైపు వెళ్ళి వస్తున్నాయి. ఏడో వరుస చివరి అక్షరం చెప్పేసరికి ఆమెకు చెమటలు పట్టాయి.

పరీక్ష అమ్మాయికి ఎవరి చూపు పరీక్షిస్తున్నదీ ఒక నిమిషం తెలియలేదు. అమ్మమ్మ చదివింది కరెక్టేనా అని ఆయన్నే అడిగింది.

"నాకేం తెలుసమ్మా, నాకు ఒక్కటీ కనపడలేదు. ఆవిడ చదివిందంటే కరెక్టే. రాసుకో."

ఆ అమ్మాయి బుధవారం నాటి కాగితం తీసి, అడ్డంగీతను కొట్టేసి, దాని పక్కన సోమవారం, ఉదయం, కుడికన్ను అని రాసింది.